నాలుగు గేముల లోవరాజు

పురికొస బిగించి కట్టిన దారి వెంబడి సున్నం డబ్బాని తడుతూ లోవరాజు వెనక్కి నడుస్తున్నాడు. డబ్బా అడుగున మేకుతో పొడిచిన కన్నాల్లోంచి పొడి సన్నగా రాలి, ఎర్ర గ్రావెలు మీద తెల్లటి చార పడుతోంది. ఎనభయ్యారేళ్ల వయసులో మనిషి ముందుకి నడిస్తేనే గొప్ప. ఇతను వెనక్కి నడుస్తుంటే పొద్దున్నే వాకింగుకి వచ్చిన రిటైర్డు మాస్టర్లు ఆగి మరీ చూసి జాలిపడతారు. ఆ జాలంతా దండగ. ముందుకి నడిస్తే వేసిన గీతని తన కాళ్లే చెరిపేస్తాయని వాళ్లకి తెలియదు, విడమరిచి చెప్పే తీరిక లోవరాజుకి లేదు.

రామచంద్రపురంలో కాలవ గట్టు పక్కనున్న ఆ క్లబ్బులో పేకాట గదికి ఏసీ వచ్చింది. షటిల్ ఆడే చోట చెక్క నేల వచ్చింది. టెన్నిస్ కోర్టు మాత్రం ఇంకా మట్టిదే. గ్రావెలు పరిచి, రోలరు తిప్పి, పేడనీళ్లతో కలాపి చల్లి, ఆరాక మళ్లీ రోలరు తిప్పిన నేల. రోలరు లాగడానికి ఇప్పుడు వేరే మనుషులున్నారు. కలాపి, గీతలు, నెట్టు ఈ మూడింటి మీద మాత్రం లోవరాజు ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. అతనికి జీతం ఆగిపోయి పాతికేళ్లు కావస్తోంది. ఆ సంగతి అతని చేతులకి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఆ చేతులు చూడాలి. ఎడమ చెయ్యి అందరు ముసలివాళ్ల చెయ్యిలాగే ఎండిపోయింది. కుడి ముంజెయ్యి ఇప్పటికీ దానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. బొటనవేలి మొదట్లో కాయ కాసిన చోట చర్మం నున్నగా, పసుపుపచ్చగా ఉంటుంది. ఇంజక్షను ఇవ్వడానికొచ్చిన నర్సమ్మ ఒకసారి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసి, ఇవి రెండూ ఒక మనిషివేనా అని అడిగింది. లోవరాజు సిగ్గుపడిపోయాడు.

ఇవాళ ఆ కుడి చెయ్యే అతన్ని ఇబ్బంది పెడుతోంది. నొప్పి కాదు. నిన్న సాయంత్రం అబ్బాయిగారి డ్రైవరు వచ్చి ఒక కబురు చెప్పి వెళ్లాడు. “డాక్టరుగారు ఇంక ఆట వద్దన్నారంటండి. గుండె బాగా నీరసపడిందంట. రేపు శనివారంతో ఆఖరండి. ఈ ఒక్కసారన్నా నిజంగా ఆడమని లోవరాజుకి చెప్పి రమ్మన్నారండి.”

అబ్బాయిగారంటే సత్యప్రసాద్ గారు. ఎనభై ఎనిమిదేళ్లు, మునిమనవలున్నారు. అయినా లోవరాజు మొదటిసారి చూసినప్పుడు ఆయన పద్నాలుగేళ్ల వాడు, పెద్ద రైతు ఇంటి అబ్బాయి. ఆ పిలుపు అలాగే నిలిచిపోయింది. ఊళ్లో ఆయన్ని ఇప్పటికీ అబ్బాయిగారూ అనే మనిషి లోవరాజు ఒక్కడే మిగిలాడు. ఆ పిలుపు కోసమే శనివారాలు వస్తున్నానని ఆయన ఒకసారి క్లబ్బులో అందరి ముందూ అన్నారు.

బేస్‌లైను పూర్తి చేసి లోవరాజు నడుం నిలబెట్టాడు. కోర్టు వెనక గదిలోంచి భార్య అప్పాయమ్మ స్టీలు గ్లాసుతో టీ పట్టుకొచ్చింది. ముప్పై ఏళ్లు బజార్లో చేపల గంప ముందు కూర్చున్న మనిషి. మాట మెత్తగా అనడం ఆవిడకి చేతకాదు, మనసులో ఒకటి పెట్టుకోవడం అంతకన్నా చేతకాదు.

“ఏంటయ్యా, రాత్రంతా పక్క మీద దొర్లావు?”

“నిద్దరట్టలేదే.”

“ఇయ్యాలన్నా గెలుత్తావా, లేదా?”

లోవరాజు టీ ఊదుకున్నాడు.

“ఓడినందుకు జీతమిచ్చే ఉజ్జోగం ఎక్కడన్నా ఉందంటే అది నీదేనయ్యా. మా అమ్మకి చెప్తే నమ్మలేదు. అల్లుడు ఏం పని చేత్తాడే అంటే, రోజూ పొద్దునా సాయంత్రం ఓడి ఒత్తాడమ్మా అన్నాను.”

ఆవిడ నవ్వుతూ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. అన్నది అబద్ధం కాదు.

మార్కరంటే గీతలు గీసేవాడని చాలామంది అనుకుంటారు. గీతలు అందులో ఒక ముక్క. నెట్టు కట్టాలి, రాకెట్లకి తీగలు బిగించాలి, కొత్తగా చేరిన మెంబరుకి ఆట నేర్పాలి, జోడీ దొరకని మెంబరు వస్తే అవతల పక్కన నిలబడి ఆడాలి. ఆడి, ఓడాలి. ఈ చివరి మాట ఏ కాగితం మీదా ఉండదు. లోవరాజుకి ముందు ఆ కోర్టు మార్కరు ఏసుపాదం. పని అప్పగిస్తూ, బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకుని మరీ చెప్పాడు. “సెట్టులో నాలుగు గేములు నీయి, ఆరు ఆళ్లయి. మార్కరు గెలిత్తే మెంబరు రేపు రాడు. మెంబరు రాకపోతే క్లబ్బుండదు. క్లబ్బు లేకపోతే నువ్వూ నేనూ ఎక్కడరా?”

ఓడడం సులువనుకునే వాళ్లు ఎప్పుడూ కావాలని ఓడి ఉండరు. బంతి నెట్టులోకి కొడితే తెలిసిపోతుంది. మరీ దూరం కొట్టినా తెలిసిపోతుంది. మెంబరుకి ఏ దెబ్బ బాగా వచ్చో ఆ దెబ్బకి సరిపోయే బంతి, కాస్త పొట్టిగా, కాస్త ఎత్తుగా, ఆయన నిలబడ్డ చోటికే పంపాలి. ఆయన దాన్ని బాది, తనే గొప్పగా కొట్టానని నమ్మాలి. తహసిల్దార్లు, డాక్టర్లు, మిల్లు యజమానులు లోవరాజుని ఓడించిన సంబరంతో ఇంటికెళ్లి కమ్మగా భోంచేసేవారు. అతనికి దాని మీద చిరాకు ఉండేదేమో అనుకుంటే పొరపాటు. ఇంతమందిని సంతోషపెట్టే పని దొరికిందని లోవరాజు నిజంగానే పొంగిపోయేవాడు. అతని స్వభావమే అంత.

ఎండ ఎక్కాక నెట్టు విప్పి గది అరుగు మీద ఒళ్లో వేసుకున్నాడు. మధ్యలో రెండు చోట్ల తెగింది. వెదురు సూదికి దారం చుట్టి, కన్నానికి కన్నం ముడి వేసుకుంటూ పోయాడు. ఈ ముడి అతనికి ఏ క్లబ్బూ నేర్పలేదు. కొవ్వూరు రేవులో తండ్రి వల అల్లుతుంటే ఎదురుగా కూర్చుని నేర్చుకున్నాడు. తండ్రి గోదావరి మీద వేటకి వెళ్లేవాడు. ఒక వరదకి పడవ పోయింది, మనిషి మిగిలాడు. ఇంట్లో నోళ్లు ఎక్కువయ్యాయని పన్నెండేళ్ల లోవరాజుని, క్లబ్బులో వాచ్‌మన్‌గా ఉన్న మేనమామ దగ్గరికి పంపారు. వచ్చిన రోజు కోర్టు మధ్యలో వేలాడుతున్న నెట్టు చూసి, ఇందులో ఏ చేప పడుతుంది మావయ్యా అని అడిగాడట. చిరుగు చూసి ఊరుకోలేక కూర్చుని అల్లేశాడు. ఆ అల్లిక చూసే ఏసుపాదం అతన్ని దగ్గరికి తీశాడు.

బంతులందిస్తూ నేర్చుకున్న ఆట అది. పదహారేళ్లకే ఏసుపాదం కంటే బాగా ఆడేవాడు. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి జిల్లాలో అతని ముందు నిలబడగలిగే వాళ్లు లేరు. కానీ ఆ సంగతి తెలిసినవాళ్లూ లేరు. రోజూ నాలుగు గేములే గెలిచే మనిషి ఎంత ఆడగలడో ఎవరికి తెలుస్తుంది?

సత్యప్రసాద్ గారికి తెలిసింది. ఒక మధ్యాహ్నం ఆయన వేళ కాని వేళ వచ్చేసరికి లోవరాజు ఒక్కడే కోర్టులో ఉన్నాడు. అవతలి మూల రూపాయి కాసంత సున్నపు చుక్క పెట్టుకుని, బుట్టెడు బంతులు ఒకదాని వెనక ఒకటి ఆ చుక్క మీదకే కొడుతున్నాడు. ఆయన చెట్టు నీడన నిలబడి బుట్ట ఖాళీ అయ్యేదాకా చూశారు. నెల తిరక్కుండా మద్రాసులో జరిగే ఒక పెద్ద పోటీకి లోవరాజు పేరు పంపించారు. జీతానికి ఆడే మార్కర్లని అప్పట్లో అలాంటి పోటీలకి రానిచ్చేవారు కాదు. అందుకని కాగితంలో ‘మా రైసు మిల్లు గుమాస్తా’ అని రాశారు. రైల్లో పోతున్నంతసేపూ లోవరాజు ధాన్యం రకాలు వల్లె వేసుకున్నాడు. ఎవరన్నా అడిగితే దొరికిపోకూడదని. మద్రాసులో ఒక్కరూ అడగలేదు.

అది పందొమ్మిది వందల అరవై ఒకటి. జన్మలో మొదటిసారి బూట్లు తొడిగాడు. తెల్ల కాన్వాసు బూట్లు, మడమలు రెండూ బొబ్బలెక్కాయి. అతని పేరు ఒక బోర్డు మీద ఇంగ్లీషులో రాశారు. మొదటి రెండు ఆటలూ తేలిగ్గా గెలిచాడు. మూడోది కలకత్తా నుంచి వచ్చిన ఒక ఆఫీసరుతో. ఎత్తు మనిషి, తెల్ల ప్యాంటు, పక్కకి దువ్విన క్రాపు. ఆఖరి సెట్టులో లోవరాజు ఐదు నాలుగు మీద ఉన్నాడు. ఇంకొక్క బంతి గెలిస్తే ఆట అతనిది.

ఆ బంతి పొట్టిగా, ఎత్తుగా వచ్చింది. ఆఫీసరు ఆయాసపడుతూ ఎడమ మూల దాటి బయటికి పోయి ఉన్నాడు. కోర్టంతా ఖాళీ. కుడి చేతికి ఇంతకన్నా మంచి బంతి రాదు. లోవరాజు రాకెట్టు ఎత్తాడు. అవతల ఆయాసపడుతున్న పెద్దమనిషి కనబడ్డాడు. చెయ్యి తనంతట తనే మెత్తబడిపోయింది. బంతిని పొట్టిగా, ఎత్తుగా, ఆయన నిలబడ్డ చోటికే పంపింది. ఆయన బాదేశాడు. ఆ తర్వాత ఇంకొక్క గేము కూడా లోవరాజుది కాలేదు.

తిరుగు రైల్లో సత్యప్రసాద్ గారు తన ఫస్టు క్లాసు పెట్టె వదిలేసి వచ్చి, థర్డు క్లాసులో లోవరాజు పక్కన కూర్చున్నారు. బెజవాడ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. బెజవాడలో దిగి పులిహోర పొట్లాలు రెండు తెచ్చి ఒకటి అతని చేతిలో పెట్టారు. ఇంటికొచ్చాక, మద్రాసులో కొన్న చెక్క రాకెట్లు రెండింట్లో ఒకటి లోవరాజుకిచ్చి, రెండోది తను ఉంచుకున్నారు. “ఇక ప్రతి శనివారం నాతో ఆడు. నిజంగా ఆడు” అన్నారు. మరుసటి ఏడు ఆయన తండ్రి పోయారు. పొలాలు, మిల్లు ఆయన నెత్తిన పడ్డాయి. మద్రాసు మాట మళ్లీ రాలేదు.

అంత ఖర్చు పెట్టి తీసుకెళ్తే తను పాడు చేసుకొచ్చాడు, బెజవాడ దాకా ఆ కోపమే అని లోవరాజు అనుకున్నాడు. అంత కోపంలోనూ పులిహోర కొనిపెట్టిన మనిషికి ఏమిస్తే తీరుతుంది? ఇవ్వడానికి తన దగ్గరున్నది ఒకటే. అరవై నాలుగేళ్లుగా ప్రతి శనివారం ఆయనకి ఓడిపోతూ వచ్చాడు. మామూలు మెంబర్లకి ఓడినట్టు కాదు. పీకల దాకా తెచ్చి, చెమటలు పట్టించి, చివరికి వెంట్రుకవాసిలో ఓడేవాడు. ఆయన చేసిన మేలు ఒక్కటా రెండా? టైఫాయిడ్ వస్తే కారు పంపి కాకినాడ చేర్పించారు. జీతం ఆగిపోయిన రోజున, కోర్టు ఉన్నంతకాలం ఆ గది లోవరాజుదేనని కమిటీ చేత రాయించారు. అలాంటి మనిషి మీద, అదీ ఆఖరి ఆటలో, గెలవడమా? రాత్రంతా పక్క మీద దొర్లింది దీనికే. నిజంగా ఆడమని ఆయన మాట. ఓడమని తన కృతజ్ఞత. ఇందులో ఏది నిలబెట్టుకోవాలో తెలియడం లేదు. పైగా నిలబెట్టుకుందామన్నా చెయ్యి మాట వింటుందన్న నమ్మకమూ లేదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక నెట్టు కట్టాడు. క్లబ్బు సెక్రటరీ గణేష్‌బాబు స్కూటరు ఆపి వచ్చి నిలబడ్డాడు. అతను లోవరాజు దగ్గరే ఆట నేర్చుకున్నాడు. ఇప్పుడు పొట్ట వచ్చి పేకాటలో కూర్చుంటున్నాడు.

“లోవరాజు గారూ, ఇవాళ కుర్చీలు వేయించనాండి? పెద్దాయన ఆఖరి ఆటంట కదా.”

“వద్దండి బాబూ. ఇద్దరు ముసలోళ్ల ఆటకి కుర్చీలేంటండి? ఆరికి మొహమాటంగా ఉంటాదండి.”

నెట్టు మధ్యలో మూడడుగుల ఎత్తుండాలి. లోవరాజుకి టేపు అక్కర్లేదు. చెక్క రాకెట్టు నిలువుగా నిలబెట్టి, దాని తల మీద ఇంకో చెక్క రాకెట్టు తల అడ్డంగా పెడితే సరిగ్గా మూడడుగులు. కొత్త రాకెట్లతో ఈ లెక్క కుదరదు, వాటి తలలు పెద్దవి. నిలువుకి తన రాకెట్టు ఉంది. అడ్డానికి జత రాకెట్టు అబ్బాయిగారింట్లో ఉంటుంది. మిగతా రోజుల్లో అంత పొడవున కోసిన వెదురు ముక్కతో సరిపెట్టుకుంటాడు. శనివారం ఆయన వచ్చాక మాత్రం రెండు రాకెట్లూ కలిపి కొలవాల్సిందే. కొలవకుండా ఆట మొదలవదు.

నాలుగున్నరకి కారు వచ్చింది. డ్రైవరు చెయ్యి పట్టుకుని సత్యప్రసాద్ గారు దిగారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. మనిషి బాగా తగ్గిపోయారు. చొక్కా మెడ దగ్గర ఇద్దరికి సరిపడా ఖాళీ ఉంది. కోర్టు అంచున చెప్పులు విడిచి, వంగి నేలని వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నారు. లోవరాజు అలా చేయడం చూసి ఎప్పుడో నేర్చుకున్న అలవాటది.

“ఏరా లోవరాజూ, నా కబురు అందిందా?”

“ఆయ్, అందిందండి అబ్బాయిగారూ.”

“అందితే సరిపోదు.”

రెండు రాకెట్లతో కొలిచారు. సరిగ్గా ఉంది.

ఎనభై దాటాక వాళ్ల ఆట చిన్నదైపోయింది. నెట్టుకి దగ్గరగా ఉండే ముందు గళ్లలోనే ఆడతారు. బంతి రెండుసార్లు లేచినా చెల్లుతుంది. సెట్టు పోయి ఒక్క గేము మిగిలింది. అయినా లెక్క పెద్దగా అరిచి చెప్పడం మానలేదు. పదిహేను సున్నా అయింది. పదిహేను పదిహేను అయింది. బంతి ఒకరి దగ్గర్నుంచి ఒకరికి నింపాదిగా పోయి వస్తోంది. పేడ కలాపి ఆరిన వాసన, కాలవ మీంచి చల్లగాలి, గట్టు అవతల దాళ్వా వరి చేలు పచ్చగా. లోవరాజుకి కడుపు నిండినట్టుంది. ఇన్నేళ్లు ఇంత దొరికింది, ఇంకేం కావాలి అనుకున్నాడు. అలా అనుకుంటూనే గేముని నలభై నలభై దగ్గరికి తెచ్చి నిలబెట్టాడు.

సత్యప్రసాద్ గారు బంతి జేబులో వేసుకుని నెట్టు దగ్గరికి నడిచి వచ్చారు. పట్టీ మీద చేతులు ఆనించి నిలబడ్డారు.

“డ్యూసు. ప్రతి శనివారం లాగే. ఇక్కణ్ణించి రెండు బంతులు నాకిచ్చేసి గదికి పోతావు. అంతేగా?”

“లేదండి. నిజంగానే ఆడుతున్నానండి.”

“నాకు చెప్పకు. ఇన్నేళ్లు నీ బంతులు తిని బతికాను. ఏది జారింది, ఏది జార్చావు అన్నది నాకు తెలీదా?” ఆయనకి ఆయాసం వస్తోంది. “మద్రాసులో ఆ బంతి ఎందుకలా వేశావో అక్కడున్న వాళ్లలో నాకొక్కడికే తెలిసింది రా. అంతకు ముందు ఏడేళ్లుగా అలాంటివే నాకు వేశావు. నేనే మొనగాణ్ణని మురిసిపోయి కొట్టాను. ఒక్కరోజు కూడా, ఒరేయ్, గెలవరా అన్లేదు. నీ చెయ్యి పాడుచేసింది నేనే.”

లోవరాజు చేతిలో రాకెట్టు కిందికి వాలింది.

“బెజవాడ దాకా నోరు పెగల్లేదు నాకు. సిగ్గుతో. ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చాను. ఇవాళన్నా గెలుస్తాడేమో, ఆ చెయ్యి బాగుపడితే నా పాపం పోతుందని. నువ్వేమో వారం వారం ఓడుతూనే ఉన్నావు.”

“అయ్యో... మీకు నా మీద కోపమనుకున్నానండి.”

“కోపమా? నీ మీదా?”

ఇద్దరూ నెట్టుకి చెరో పక్క నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. లోవరాజుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎంత పిచ్చిపని చేశాడు! మేలు చేసిన మనిషికి మేలు చేస్తున్నాననుకుని, ప్రతి శనివారం ఆయన పుండు మీదే కొడుతూ వచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. రాకెట్టు పిడిని కూడా తుడిచాడు.

“బంతి వెయ్యండి అబ్బాయిగారూ,” అన్నాడు.

ఆ తర్వాతి బంతిని లోవరాజు పక్కగీత వెంట జారేలా కొట్టాడు. ఆయన కదిలేలోపే మూడుసార్లు లేచి వెళ్లిపోయింది. ఆయన మొహం వెలిగింది. “అడ్వాంటేజి లోవరాజు!” అని డ్రైవరుకి కూడా వినబడేలా అరిచారు. ఆఖరి గేములో ఈ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

ఇక ఆఖరి బంతి. నాలుగుసార్లు పోయి వచ్చింది. ఐదోసారి ఆయన రాకెట్టు మెల్లగా తిరిగింది. బంతి పొట్టిగా, ఎత్తుగా, లోవరాజు కుడి చేతి మీదకి వచ్చింది. ఆయన ఎడమ పక్కకి జరిగి ఆయాసపడుతూ నిలబడ్డారు. గడి అంతా ఖాళీ. లోవరాజు ఆ బంతిని గుర్తుపట్టాడు. ఎందుకు గుర్తుపట్టడు, అది తను జీవితమంతా ఇంకొకళ్లకి ఇచ్చిన బంతి. తనకి ఎవరన్నా ఇవ్వడం ఇప్పుడే చూస్తున్నాడు. చెయ్యి మెత్తబడబోయింది. లోవరాజు దాన్ని మెత్తబడనివ్వలేదు.

బంతి అవతలి మూల గీత మీద పడింది. పొద్దున వేసిన సున్నం గుప్పున లేచింది.

సత్యప్రసాద్ గారు అక్కడిదాకా నడిచి వెళ్లి, వంగి ఆ మచ్చ చూశారు. చాలాసేపు చూశారు. తిరిగి వచ్చి రెండు చేతులతో లోవరాజు కుడి ముంజేతిని పట్టుకున్నారు.

“లైను మీదే రా. గేము నీది.”

“మీరిచ్చిన బంతేనండి అది.”

“నువ్వు నేర్పిందేగా!” అని ఆయన నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశారు. డ్రైవరు కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. ఏమీ లేదు, బాగానే ఉంది, చాలా బాగుంది అని ఆయన చెయ్యి ఊపారు.

వెళ్లేటప్పుడు కారు దాకా వచ్చిన లోవరాజు చేతిలో తన చెక్క రాకెట్టు పెట్టారు. “నాకింక దేనికిరా? నీ కొలతకి పనికొస్తుంది. ఆ వెదురు ముక్క అవతల పారెయ్.”

“శనివారం నేనే ఇంటికొత్తానండి. ఊరికే కూచుందామండి.”

“రా. పులిహోర చేయిస్తాను.”

కారు మలుపు తిరిగాక లోవరాజు కోర్టులోకి వచ్చాడు. మామూలుగా అయితే ఈ వేళకి నెట్టు బిగువు వదిలెయ్యాలి, రాత్రి మంచుకి తాడు లాగేస్తుంది. ఇవాళ వదలబుద్ధి కాలేదు. జత రాకెట్లు రెండూ తన చేతిలో ఉన్నాయి. నెట్టు మధ్యలో ఒకటి నిలువుగా నిలబెట్టాడు. దాని మీద రెండోది అడ్డంగా పెట్టాడు. జారిపోకుండా, పొద్దున్న మిగిలిన దారం ముక్కతో నెట్టు కన్నానికి కలిపి ముడి వేశాడు. తండ్రి నేర్పిన ముడి. రెండడుగులు వెనక్కి నడిచి, తల వాల్చి చూశాడు. చిన్నగా తల ఊపాడు.

కాళ్లు బరువెక్కాయి. నెట్టు స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. పగటి వేడి ఇంకా నేలలో ఉంది, ఒంటికి హాయిగా తగిలింది. గోదావరి మీద తండ్రి పడవ, మేనమామ, బీడీ చెవి వెనక పెట్టుకున్న ఏసుపాదం, మడమలు కొరికిన తెల్ల బూట్లు, చేపల గంప దించి నవ్వే అప్పాయమ్మ, అందరూ ఒక్కసారే గుర్తొచ్చారు. ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేదు. అందరూ తలా ఒక మంచి బంతి ఇచ్చినవాళ్లే అనిపించింది. గాలి కాలవ వైపు నుంచి వస్తోంది. కళ్లు మూసుకున్నాడు.

ఆకాశంలో వెలుతురు ఇంకా ఉండగానే అప్పాయమ్మ గదిలోంచి వచ్చింది. దూరం నుంచే మొదలెట్టింది.

“గెలిచావంట గదయ్యా! డ్రైవరు కారాపి మరీ చెప్పి ఎళ్లాడు. నాకు చెప్పడానికి నీకు నోరు రాలేదా?”

ఆవిడ దగ్గరికి వచ్చింది. నవ్వు ఆగింది. మెల్లగా అతని పక్కనే కూర్చుని కుడి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. బరువుగా ఉంది. వేళ్ల సందుల్లో తెల్లగా సున్నం ఉంటే కొంగుతో తుడిచింది. “గెలిచావులే,” అంది మళ్లీ, ఈసారి అతనికొక్కడికే వినబడేంత మెల్లగా.

గణేష్‌బాబు పరిగెత్తుకొచ్చి నాడి చూశాడు, అందలేదు. చూసి, చెప్పులు విడిచి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎవరో సత్యప్రసాద్ గారికి ఫోను చేస్తామంటే, తెల్లారాక చెబుదామన్నాడు.

నలుగురూ కలిసి లోవరాజుని గదిలోకి తీసుకెళ్లారు. కోర్టు ఖాళీ అయింది. నెట్టు మధ్యలో ఒక చెక్క రాకెట్టు నిలువుగా, దాని తల మీద ఇంకొకటి అడ్డంగా, పై అంచు తెల్ల పట్టీకి సరిగ్గా తాకుతూ అలాగే ఉన్నాయి.